ఎనక మనిషి

కిందటి ఏడు ఫిబ్రవరి రెండో ఆదివారం ప్రాక్టీసు అయ్యాక ప్రేమ్‌కుమార్ సర్ నన్నొక్కదాన్నే ఆగమన్నాడు. మిగతా అమ్మాయిలు టెల్కో కాలనీ మైదానం గోడ పక్కన కూచుని బూట్లు విప్పుకుంటున్నారు. మా ఆడపడుచు సోనీ నా సంచీ కూడా తన భుజానే వేసుకుని గేటు దగ్గర నా కోసం నిలబడింది.

సర్ మాకు కోచ్. ఏప్రిల్ ఆఖర్న కలకత్తాలో జాతీయ పోటీలున్నాయనీ, రాష్ట్రం జట్టులో ఎక్కువమంది మన పిల్లలే ఉంటారనీ, కెప్టెన్‌వి నువ్వే కల్పనా అనీ చెప్పాడు. ఇది నీకు ఆఖరి సీజను కావచ్చు గనక నీ తర్వాతి మనిషి తయారవ్వాలన్నాడు. సోనీని పక్కన పెట్టుకుని నాకొచ్చిందంతా నేర్పమన్నాడు. వెళ్ళబోతుంటే ఇంకో మాట కూడా చెప్పాడు. ఊళ్ళోనే కద్మాలో ఒక ప్రైవేటు స్కూలుకి ఆటల టీచరు కావాలట. రాష్ట్ర జట్టు కెప్టెన్ అని సర్టిఫికెట్ పట్టుకెళితే వాళ్ళు ఇంకెవర్నీ చూడరట.

ఇంటిదగ్గర కూచుని బ్లౌజులు కుట్టుకునే దాన్ని. ముప్పై మూడేళ్ళు. మూడో తరగతి చదివే కూతురుంది. ఆ మాట విన్నాక మేముండే మాంగో పేటకి వెళ్ళే ఆటోలో సోనీ ఏదో అడుగుతుంటే నాకు సగమే వినబడింది. బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగిపోతే కూడా విసుక్కోలేదు.

మా ఆట పేరు చెబితే జంషెడ్‌పూర్‌లోనే చాలామందికి తెలియదు. ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. కాలితో తన్నొచ్చు, గుప్పిటతో కొట్టి పక్కవాళ్ళకి అందించొచ్చు, పట్టుకుని పరిగెత్తొచ్చు. రెండు వైపులా నాలుగేసి కర్రలు పాతి ఉంటాయి. నడిమి రెండు కర్రల మధ్యనించి తంతే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒక్కటి. మా దగ్గర జట్టుకి తొమ్మిదిమంది ఆడతారు. మైదానం ఎంత పెద్దదంటే గట్టు మీంచి కోచ్ ఎంత అరిచినా లోపలికి వినబడదు. లోపలున్న వాళ్ళలో ఎవరో ఒకరు మిగతావాళ్ళకి కళ్ళూ చెవులూ అవ్వాలి. మా జట్టులో పదకొండేళ్ళుగా ఆ పని నాది. అందరికంటే వెనక, మా కర్రల దగ్గర ఆడతాను. అక్కణ్ణించి ఆట మొత్తం కనబడుతుంది.

బంతి కోసం పైకి చూసే పిల్లకి వెనకనించి దూసుకొచ్చే మనిషి కనబడదు. అప్పుడు నేను "పీఛే" అని అరుస్తాను. వెంటనే ఆ పిల్ల వెనక్కి చూడకుండానే పక్కకి ఒరుగుతుంది. మా అమ్మాయిల్లో సంతాలీ వాళ్ళున్నారు, బీహారు వాళ్ళున్నారు, అందుకని పిలుపులన్నీ హిందీలోనే. సోనీకి మాత్రం మన మాటలో, "ఎనక మనిషి" అని. అది నాకు తెలియకుండానే నోటికి వచ్చేసేది.

ఆ ఫిబ్రవరీ మార్చీ సోనీకి నేర్పడంలోనే గడిచాయి. సాయంత్రం కుట్టుమిషను మూసేసి వంటింటి గచ్చు మీద ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ పేర్చేదాన్ని. ఉల్లిపాయలు మనవాళ్ళు, దుంపలు అవతలివాళ్ళు. బంతి ఇక్కడుంటే నువ్వెవర్ని ఎక్కడికి పంపుతావని అడిగేదాన్ని. మా అత్త సరస్వతమ్మ, కూరకి దుంపలు కావాలే అని గొణుగుతూనే గడప మీద కూచుని చూసేది. సోనీ ఒక నోటుబుక్కు పెట్టుకుని అన్నీ రాసుకునేది. ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి తొమ్మిదేళ్ళది. నా వెంట మైదానానికి వచ్చి వచ్చి ఆట నేర్చుకుంది.

తన్నబోయే మనిషి కళ్ళు చూడొద్దు, తుంటి చూడమన్నాను. కళ్ళు అబద్ధమాడతాయి. పిలుపు రెండు మాటలు దాటకూడదన్నాను. ఎవరైనా తప్పు చేస్తే అప్పటికప్పుడు తిట్టొద్దు, వెంటనే వచ్చే బంతి ఆ పిల్లకే అందేలా చూడమన్నాను. జట్టు అలిసిపోయినప్పుడు కొత్త సంగతి చెప్పకు, వాళ్ళ పేరు పెట్టి పిలువు చాలు అన్నాను. ఇవేవీ నాకెవరూ చెప్పలేదు. దెబ్బలు తిని, పళ్ళు ఊడగొట్టుకుని, ఓడిపోయి నేర్చుకున్నవి. రెండు నెలల్లో అన్నీ తీసి ఇచ్చేశాను. ఇస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. ఎవరైనా నా మాట ఇంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

ఆ రోజుల్లో ఇంట్లో అందరూ నాతో మంచిగా ఉండేవాళ్ళు. మా ఆయన రాజ్‌కిరణ్ ప్లాంటులో కాంట్రాక్టు మీద క్రేను నడుపుతాడు. షిఫ్టు నించి వచ్చాక నా బూట్లకున్న మట్టి తనే దులిపి ఎండలో పెట్టేవాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఎన్నడూ చేయని పని. మా అత్త నా కంచంలో చేపముక్క ఒకటి ఎక్కువ వేసేది. కెప్టెన్‌నని గౌరవం అనుకున్నాను.

ఏప్రిల్ మొదటివారంలో జెర్సీలు తయారయ్యాయని కబురొచ్చింది. తెస్తానన్న పైడితల్లికి ఆ రోజు డ్యూటీ పడింది. జట్టులో సోనీ తర్వాత చురుకైన పిల్ల, ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. నేనెలాగూ దారాలు కొనడానికి సాక్చి బజారు వెళ్తున్నాను, నేనే తెస్తానన్నాను.

దుకాణం కుర్రవాడు కట్ట విప్పి ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి సరిచూసుకోమన్నాడు. ఆకుపచ్చ జెర్సీలు, వీపు మీద తెల్ల అక్షరాలతో పేర్లు. పైడితల్లి పేరుంది. అందరి పేర్లూ ఉన్నాయి. నా నంబరు ఏడు. ఏడో నంబరు జెర్సీ తిప్పి చూస్తే దాని మీద సోనీ అనుంది. గుండె దగ్గర చిన్న అక్షరాల్లో కెప్టెన్ అని.

పొరపాటు జరిగిందన్నాను. ఆ అబ్బాయి ఫోను తీసి ఆర్డరు చూపించాడు. రూళ్ళ కాగితం మీద రాసిన జాబితాకి ఫోటో తీసి పంపారు. ఆ కాగితం నాకు తెలుసు. సోనీ నోటుబుక్కులోది. చేతిరాతా సోనీదే. ఒకటి నించి పద్నాలుగు వరకూ పేర్లు, పక్కన కొలతలు. ఏడో నంబరు దగ్గర తన పేరు రాసుకుని కింద గీత గీసుకుంది. పద్నాలుగు పేర్లలో నా పేరు లేదు. పంపిన తేదీ ఫిబ్రవరి పదకొండు. సర్ నన్ను ఆపి మాట్లాడిన ఆదివారానికి మూడోరోజు.

జెర్సీలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. దారాలు కొన్నానో లేదో గుర్తులేదు.

రాజ్‌కిరణ్ అప్పుడే షిఫ్టు నించి వచ్చి గుమ్మంలో కూచుని సాక్సులు విప్పుకుంటున్నాడు. నీకు తెలుసా అని అడిగాను. దేని గురించో చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. రెండో సాక్సు విప్పడం అయ్యేదాకా తల ఎత్తలేదు.

"సార్ ముందే సెప్పినాడు," అన్నాడు. "పైనోల్లు కొత్త పిల్లల్నే పంపమన్నారంట. నువ్వు నేర్పితేనే గాని దానికి రాదు. ముందే సెప్పీసుంటే నువ్వు నేర్పుదువా?"

నేర్పేదాన్నో కాదో నాకూ తెలియదు. అది తెలుసుకునే వీలు నాకు లేకుండా చేశారు.

మా అత్త చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. కొడుకుని ఏమీ అనొద్దని, నాకు చెప్పొద్దన్నది తనేనని అంది. "నీకు మొగుడున్నాడు, పిల్లుంది. దానికేటుంది? ఆ ఇస్కూలు ఉద్యోగమొత్తే దాని కాళ్ళ మీద అది నిలబడతాది. ఒకే ఇంట్లోకే కదా వత్తాది," అంది. కోపంగా అనలేదు. బియ్యం ఎవరు ఏరితేనేం అన్నట్టు అంది.

లోపలి గదిలో సోనీ ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది, కింద సందులోంచి దాని పాదాలు కనబడుతున్నాయి. బయటికి రాలేదు. ఆ పూట అన్నానికీ రాలేదు. తర్వాత మూడురోజులూ నేను వంటింట్లో ఉంటే తను పెరట్లోకి పోయేది, నేను పెరట్లోకి వెళితే గదిలోకి పోయేది. ఉల్లిపాయలు బుట్టలోనే ఉన్నాయి.

సర్‌కి నేనేమీ చెప్పలేదు. ఆదివారం రాంచీ జట్టుతో ఆఖరి మ్యాచ్ ఉంది. అది ఆడి మానేద్దామనుకున్నాను. ఎందుకు ఆడాలనుకున్నానంటే, పదకొండేళ్ళ ఆట దుకాణం బల్ల ముందు ఆగిపోయిందంటే నాకు మింగుడు పడలేదు. అప్పటికి అంతే అనుకున్నాను.

ఎండలకి భయపడి మ్యాచ్ ఉదయం ఏడింటికే పెట్టారు. మొదటి రెండు క్వార్టర్లూ నేను ఎప్పటిలాగే ఆడాను. నోరు దాని పని అది చేసుకుపోయింది. పైడితల్లిని ముందుకి పంపాను, ఒక పిల్ల బంతి జారవిడిస్తే పేరు పెట్టి పిలిచాను, తర్వాతి బంతి ఆమెకే ఇప్పించాను. సగం ఆటకి మేం పది పాయింట్లు ముందున్నాం.

మూడో క్వార్టరు మొదలయ్యాక మైదానం నడుమనించి ఒక గొంతు వినబడింది. పేరు పెట్టి పిలుస్తోంది. రెండు మాటల్లో చెబుతోంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీస్తోంది. నా పిలుపులు, నా విరుపులు, సోనీ నోట్లోంచి. పిల్లలు ఆ గొంతు విని కదులుతున్నారు. గట్టు మీద సర్ చప్పట్లు కొట్టాడు. పక్కన కూచున్న ఎవరితోనో, చూశారా అన్నట్టు చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి ఇటువైపు రాలేదు.

నేను అరవడం తగ్గించాను. ఎవరూ గమనించలేదు.

నాలుగో క్వార్టరు ఇంకో అయిదు నిమిషాలుందనగా రాంచీ వాళ్ళు బంతిని చాలా ఎత్తుకి తన్నారు. అది మా వైపే వస్తోంది. సోనీ దాన్ని పట్టుకోడానికి తల పైకెత్తి, చేతులు చాపి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తోంది. రాంచీ జట్టులో పొడుగాటి అమ్మాయి ఒకతె మా కర్రల వైపునించి అదే బంతి మీద చూపు పెట్టి పరిగెత్తుకొస్తోంది. ఆమెకీ సోనీ కనబడ్డం లేదు. ఇద్దరూ నాకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు. ఇద్దరూ నాకు కనబడుతున్నారు.

వ్యవధి ఉంది. రెండు మాటలే. ఊపిరి కూడా తీసుకున్నాను.

అరవలేదు.

ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆ అమ్మాయి లేచి నిలబడింది. సోనీ లేవలేదు.

కుడివైపు జబ్బ ఎముక, మెడ కింద అడ్డంగా ఉండేది, రెండుగా విరిగింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి డాక్టరు ఆపరేషను అక్కర్లేదన్నాడు, కట్టు మాత్రం ఆరువారాలు ఉంచాలన్నాడు. కలకత్తా మాట ఇక ఎవరూ ఎత్తలేదు. సర్ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, ఎంత పెద్ద ఆటగాళ్ళకైనా ఒక్కోసారి పిలుపు చెవినెక్కదని రాజ్‌కిరణ్‌తో చెబుతున్నాడు. కల్పన అరిచింది కదా, అయినా చూడు ఏమైందో అన్నాడు. నేను అరవలేదేమో అన్న అనుమానం అక్కడ ఒక్కరికీ రాలేదు. వాళ్ళ నమ్మకం భరించడం నాకు చాలా కష్టంగా ఉంది. కానీ నోరు తెరవలేదు.

సోనీ మంచం దగ్గర నేను ఒంటరిగా కూచున్నప్పుడు దానికి ఏడుపొచ్చింది. హిందీలో మొదలుపెట్టింది. దానికి భయమేసినా సిగ్గేసినా హిందీలోకే పోతుంది. గల్తీ మేరీ హై అంది. తప్పు తనదేనంటోంది. తర్వాత మన మాటలోకి వచ్చింది.

"ఆ లిస్టు రాసిన్నాడే నీకు సెప్పీవలసింది ఒదినా. అమ్మ ఒట్టేయించుకుంది. రోజూ సెప్దారనుకునీదాన్ని. నువ్వు ఉల్లిపాయలు పెట్టుకుని కూకునీసరికి నోరు రాకపోయీది."

నేను దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయాను.

"నువ్వు అరిసే ఉంతావు," అంది. "నా సెవులే పన్జెయ్యలేదు. మూడ్రోజులుగా నీ మొకం సూళ్ళేక నీ గొంతు కూడా ఇనడం మానీసినాను."

అప్పుడైనా చెప్పాల్సింది. మంచినీళ్ళు తాగుతావా అని అడిగాను.

తర్వాత నాలుగురోజులూ దాని పనులన్నీ నేనే చేశాను. స్నానం చేయించాను, అన్నం కలిపి పెట్టాను. కుడిచెయ్యి కదలదు గనక పొద్దున్నే కొబ్బరినూనె రాసి జడ వేసేదాన్ని. నడుం దాటే జుట్టు. తల నా ఒళ్ళో పెట్టేసి కళ్ళు మూసుకునేది. ఇంట్లో ముగ్గురూ నన్ను చూసి మెత్తబడ్డారు. జరిగిందంతా మనసులో పెట్టుకోకుండా ఎంత చేస్తోందో అని మా అత్త పక్కింటావిడతో అంటుంటే విన్నాను. అది విన్న సాయంత్రమే సర్ వచ్చాడు.

ముందుగదిలో అందరం ఉన్నాం. రాజ్‌కిరణ్ సర్‌కి కుర్చీ వేశాడు, అత్త టీ ఇచ్చింది, సోనీ చెయ్యి మెడకి కట్టుకుని దివాను మీద కూచుంది. పైవాళ్ళతో మాట్లాడానని సర్ చెప్పాడు. ఇంత తక్కువ వ్యవధిలో నడిపించగలిగేది నువ్వొక్కదానివేనని వాళ్ళూ ఒప్పుకున్నారట. కలకత్తాకి కెప్టెన్‌గా నేనే రావాలి. స్కూలు వాళ్ళకి కూడా నా పేరే రాస్తానన్నాడు. జెర్సీలు దుకాణంలోనే వదిలేసి వచ్చాను గనక ఆ సంగతి నాకు తెలుసని ఆయనకి తెలుసు. దాని గురించి ఒక్క మాట అనలేదు. టీ కప్పు కింద పెట్టి, మరి రేపటినించి ప్రాక్టీసుకి వచ్చెయ్ అన్నాడు, ఏమీ జరగనట్టు.

రాజ్‌కిరణ్ మొహం విప్పారింది. వెళ్ళమన్నట్టు తలూపాడు. సోనీ కూడా తలూపింది. నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు చూశాక ఇంక నావల్ల కాలేదు.

"నేను రాను సర్," అన్నాను. "ఆ రోజు నేను అరవలేదు. ఆ పిల్ల వస్తుంటే చూశాను. చూసి ఊరుకున్నాను."

సర్ మొదట అర్థం కానట్టు చూశాడు. మా అత్త టీ కప్పు తీయబోయి తీయలేదు. బయట ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. నేను సోనీ వైపు చూడలేదు, చూడలేకపోయాను.

రాజ్‌కిరణ్ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "ఇప్పుడిది సెప్పడమెందుకు? ఎవులడిగినారు నిన్ను?"

"నన్నూ ఎవులూ అడగనేదు," అన్నాను.

సర్ హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక రాజ్‌కిరణ్ చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అత్త కప్పులు కడగడానికి కూచుని, కడిగినవే మళ్ళీ కడిగింది. సోనీ దివాను మీంచి లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈసారి ఓరగా కాదు.

కలకత్తాకి పైడితల్లిని కెప్టెన్‌గా పంపారు. మూడు మ్యాచ్‌లాడి ఒకటి గెలిచారు. కద్మా స్కూలు వాళ్ళు ఎవరో తెలిసినవాళ్ళ అమ్మాయిని తీసుకున్నారు. నేను మళ్ళీ మైదానానికి వెళ్ళలేదు, రమ్మని ఎవరూ అనలేదు. మా ఆయన రెండువారాలు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇద్దరి తప్పుల్లో ఎవరిది పెద్దదన్న లెక్క మా మధ్య ఇప్పటికీ తేలలేదు. ఆ మాటకి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇద్దరం పాప చదువు సంగతిలోకి పోతాం.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పాలనుకున్నది ఆ మర్నాటి గురించి.

పొద్దున్నే నూనె సీసా, దువ్వెన పట్టుకుని సోనీ గది దగ్గరికి వెళ్ళాను. నిద్ర పట్టక ఏమేం చెప్పాలో అన్నీ కూడబలుక్కుని ఉన్నాను. గదిలో లేదు. ఎక్కడికి వెళ్ళిందని అడిగితే అత్త తల ఎత్తకుండానే తెలీదంది. గడప మీద కూచున్నాను. కుట్టుపని ఉంది, అయినా లేవలేదు.

పదిన్నరకి వచ్చింది. జుట్టు మెడదాకా కత్తిరించేశారు. సందు చివర బ్యూటీపార్లర్ తలుపులు తీసేదాకా నిలబడి కత్తిరించుకుని వచ్చిందట. ఎడంచేత్తో తలుపు తీసుకుని లోపలికొచ్చింది. ఒంటిచేత్తో దువ్వుకోవడానికి ఇలా అయితే వీలుగా ఉంటుందని వాళ్ళమ్మతో చెప్పింది. నాతో ఏమీ చెప్పలేదు. నేను దారిలో కూచుని ఉన్నాను గనక నా పక్కనించి, నన్ను తగలకుండా, జాగ్రత్తగా తప్పుకుని వెళ్ళింది.